తాత కంట్లో కండ ఆగుతుంది, పాప కంట్లో తెలుపు ఆగదు

ఈ ఎపిసోడ్ కళ్ల గురించి. ఫోన్ ఎక్కువ చూస్తే కళ్లు పోతాయా అనే టాపిక్ కాదులెండి, దాని మీద ఇప్పటికే వెయ్యి వీడియోలున్నాయి.

పోయిన నెల ఇన్‌స్టాలో ఒక మెసేజ్ వచ్చింది. సోంపేట వైపు అమ్మాయి, పేరు చెప్పను. వాళ్లింట్లో ఒకేసారి రెండు కంటి సమస్యలు. ఒకటి మావగారిది. నలభై ఏళ్లు వేటకెళ్లిన మనిషి, ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి ఎర్రగా కండ పెరిగింది. రెండోది ఆ అమ్మాయి పాపది. పుట్టి నెల దాటింది. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే ఒక కంటిపాప ఎర్రగా, ఒకటి తెల్లగా వస్తోంది. ఇంట్లో ఏం డిసైడ్ అయ్యారంటే, "ముందు మీ మావని ఆస్పత్రికి తీసికెల్దాం, ఆ కండ సూస్తేనే బయ్యమేస్తంది. గుంటకి ఏటవుద్ది? ఏడాది నిండనీ, అప్పుడు సూద్దాం."

ఆ మెసేజ్ చదివి నేను పెట్టిన రిప్లై ఒక్క లైన్: రేపు పొద్దున్నే పాపని తీసుకుని బస్సెక్కండి, మావయ్య గారు వచ్చే నెల వెళ్లొచ్చు. వెళ్లారు. పుట్టుకతో వచ్చిన శుక్లం అని తేలింది, ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆ అమ్మాయే అడిగింది, అన్నా ఇది వీడియో చెయ్యి, మా ఊళ్లో ఎవరికీ తెలీదు అని.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఆ తర్వాత ఈ కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. చదివింది, కంటి డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెప్తున్నాను. మీ ఇంట్లో కేసు ఉంటే ఈ వీడియో చూసి ఆగిపోకుండా డాక్టర్‌కి చూపించండి.

మొదట తాత కండ సంగతి తేల్చేద్దాం. దీన్ని ఇంగ్లీషులో టెరీజియం అంటారు. గ్రీకులో రెక్క అని అర్థం. నిజంగానే చిన్న రెక్కలా త్రికోణం ఆకారంలో పెరుగుతుంది. తెల్లగుడ్డు మీదుండే పల్చటి పొర మందమై, మెల్లగా నల్లగుడ్డు మీదకి పాకుతుంది. ఇది క్యాన్సర్ కాదు. ప్రధాన కారణం ఎండ, అందులో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు. గాలి, ఇసుక, దుమ్ము దానికి తోడవుతాయి. శ్రీకాకుళం జిల్లాకే దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. భావనపాడు, కళింగపట్నం, ఇటు విజయనగరం వైపు భోగాపురం దగ్గర ఊళ్లు, ఎక్కడైనా పెద్ద వయసు మత్స్యకారుల కళ్లు ఒకసారి గమనించండి. పై నుంచి ఎండ, కింద నీళ్ల మీద పడి మళ్లీ కంట్లోకే కొట్టే ఎండ. తండేల్ సినిమా చూశారు కదా, మనోళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి వారాల తరబడి బోటు మీదే ఉంటారు. సినిమాలో హీరో కళ్లు మాత్రం తళతళలాడుతూనే ఉంటాయి, అది వేరే విషయం. జీడితోటల్లో, రోడ్డు పనుల్లో, కట్టుబడి పనుల్లో ఉండేవాళ్లకీ ఇదే సమస్య.

ఒక డౌట్ నాకు ఎప్పటి నుంచో ఉండేది. ఇది ఎక్కువగా ముక్కు వైపు నుంచే ఎందుకు మొదలవుతుంది? చెవి వైపు నుంచి ఎందుకు రాదు? దానికి ఒక వివరణ భలే ఉంది. పక్క నుంచి వచ్చే వెలుతురుకి మన కార్నియా భూతద్దంలా పని చేస్తుందట. చెవి వైపు నుంచి దూరిన కిరణాలని వంచి, ముక్కు వైపు అంచు మీద ఒక్కచోట కేంద్రీకరిస్తుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చలేదూ, ఆ లెక్క. అందుకే కళ్లజోడు ఒక్కటే కాదు, పక్క నుంచి వెలుతురు దూరకుండా చుట్టూ కప్పే జోడు, దాంతోపాటు అంచు వెడల్పున్న టోపీ కావాలి. అద్దం నల్లగా ఉందా లేదా అన్నది కాదు, యూవీ 400 అని ఉందా లేదా చూడండి.

మరి ఆపరేషన్? కండ చిన్నదిగా ఉండి చూపుకి అడ్డం రాకపోతే తొందరేం లేదు. ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. కంటిపాప వైపు వచ్చేస్తున్నా, నల్లగుడ్డుని లాగేసి చూపు వంకరగా కనిపిస్తున్నా తీయించుకోవాలి. ఉత్తినే కోసేసి వదిలేస్తే మళ్లీ పెరిగే ఛాన్స్ చాలా ఎక్కువ. అదే కంట్లోంచి కొంచెం మంచి పొర తీసి అక్కడ అతికిస్తే ఆ ఛాన్స్ బాగా తగ్గుతుంది. కాబట్టి డాక్టర్‌ని "పొర అతికిస్తారా" అని ధైర్యంగా అడగండి. ఆకు పసర్లు, నందివర్ధనం పూల రసం పిండడం ఆపండి. ఇంకో ప్రమాదం మెడికల్ షాపు చుక్కల మందు. ఎరుపు తగ్గింది కదా అని నెలల తరబడి వేసుకుంటారు. అందులో స్టెరాయిడ్ ఉంటే కండ కరగదు సరికదా, కంటి లోపల ప్రెషర్ పెరిగి గ్లాకోమా రావొచ్చు. కండ వల్ల పోని చూపు చుక్కల వల్ల పోతుందన్నమాట. గడ్డ త్వరత్వరగా పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, మామూలు రెక్క ఆకారంలో లేకపోయినా అది వేరే ఏదైనా కావొచ్చు, వెంటనే చూపించాలి. తాత చాప్టర్ ఇంతే.

ఇప్పుడు పాప. అసలు విషయం ఇక్కడే ఉంది.

అరవై ఏళ్ల మనిషికి శుక్లం వచ్చి, మూడేళ్లు ఆలస్యంగా ఆపరేషన్ చేయించుకున్నాడనుకోండి. కట్టు విప్పాక చూపు వచ్చేస్తుంది. మన ఊళ్లో అందరూ చూసిన ఉదాహరణ ఇదే. అందుకే "శుక్లమేగా, ఎప్పుడు తీసినా ఒకటే" అనుకుంటాం. పసిపాప విషయంలో ఇది పూర్తిగా తప్పు.

ఎందుకంటే చూసేది కన్ను కాదు, మెదడు. కన్ను కెమెరా మాత్రమే. కొత్త కెమెరా కొని సిస్టమ్‌కి తగిలిస్తే డ్రైవర్ ఇన్‌స్టాల్ అవ్వాలి కదా, అలాగే పుట్టిన పాప మెదడు కంటి నుంచి వచ్చే బొమ్మలతో చూడటం నేర్చుకుంటుంది. ఆ ఇన్‌స్టలేషన్‌కి ఒక టైమ్ విండో ఉంది. తాత మెదడులో డ్రైవర్ అరవై ఏళ్ల కిందటే పడిపోయింది, లెన్స్ తుడిస్తే చాలు. పాపకి ఆ విండోలో బొమ్మలు రాకపోతే, తర్వాత ఎంత మంచి లెన్స్ పెట్టినా మెదడు ఆ కంటిని పట్టించుకోదు. లేజీ ఐ అంటారు దీన్ని.

డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అని ఇద్దరు సైంటిస్టులు దీన్ని పిల్లి పిల్లల్లో చూపించారు. పసి పిల్లికూనకి ఒక కంటి రెప్ప కొన్నాళ్లు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. కానీ మెదడులో చూపుకి సంబంధించిన భాగం ఆ కంటికి దాదాపు స్పందించలేదు. పెద్ద పిల్లికి అదే చేస్తే ఏమీ కాలేదు. వాళ్లిద్దరికీ 1981లో నోబెల్ వచ్చింది.

అందుకే లెక్క నెలల్లో కాదు, వారాల్లో ఉంటుంది. ఒక కంట్లోనే చూపుని మూసేసే శుక్లం ఉంటే సుమారు 6 వారాల లోపు, రెండు కళ్లలో ఉంటే 8 నుంచి 10 వారాల లోపు ఆపరేషన్ అయితే మంచిదని డాక్టర్లు చెప్తారు. ఒక కన్నే అయితే ఇంకా తొందర, ఎందుకంటే బాగున్న కన్ను మెదడుని మొత్తం ఆక్రమించేస్తుంది. మీ బంధువుల్లో ఎవరికైనా ఈ టైమ్ దాటిపోయిందా? అప్పుడు కూడా వెళ్లండి. ఫలితం తగ్గొచ్చు గానీ, సున్నా అని ఇంట్లో కూర్చుని మనం డిసైడ్ చేయకూడదు. శుక్లం చిన్న చుక్కలా ఉంటే ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండే కేసులూ ఉంటాయి. అది డాక్టర్ చెప్పాలి, పక్కింటి పెద్దమ్మ కాదు.

మరి పుట్టిన బిడ్డ "నాకు కనబడట్లేదు" అని చెప్పదు కదా, ఎలా తెలుస్తుంది? ఇక్కడ మన చేతిలో ఉన్న ఫోన్ పనికొస్తుంది. ఫ్లాష్ ఫోటోలో కళ్లు ఎర్రగా పడతాయి చూడండి, మనం చిరాకు పడి డిలీట్ చేస్తాం. ఆ ఎరుపు మంచి సంకేతం. వెలుతురు కంటిపాపలోంచి లోపలికెళ్లి, వెనకున్న రక్తం నిండిన పొరల మీద పడి తిరిగొస్తోందని అర్థం. ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా లేదా పసుపుగా పదేపదే పడుతోందంటే దారిలో ఏదో అడ్డం ఉంది. శుక్లం కావొచ్చు, కంటి వెనక భాగం సరిగ్గా ఏర్పడకపోవడం కావొచ్చు, రెటీనోబ్లాస్టోమా కావొచ్చు. ఈ చివరిది మామూలు గడ్డ కాదు, క్యాన్సరే. ఎక్కువగా ఐదేళ్ల లోపు పిల్లల్లో వస్తుంది. తొందరగా పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది, చాలాసార్లు కన్ను కూడా నిలుస్తుంది. ఇంటి దగ్గర మనం చూసి ఇది శుక్లమా, క్యాన్సరా అని చెప్పలేం. కాబట్టి తెలుపు కనిపిస్తే అదే వారం చూపించాలి. తెలుపు చిన్నదా పెద్దదా అని లెక్కలు వేసుకోవద్దు.

అమెరికాలో బ్రయాన్ షా అని కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నాడు, టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో. కొడుక్కి రెటీనోబ్లాస్టోమా అని తేలాక పాత ఫ్యామిలీ ఫోటోలన్నీ తవ్వాడు. డాక్టర్లు కనిపెట్టడానికి చాలా ముందే ఫోటోల్లో ఆ తెలుపు ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లతో కలిసి క్రేడిల్ అనే యాప్ తయారు చేశాడు. 2019లో వచ్చిన వాళ్ల పేపర్ ప్రకారం, కంటి జబ్బున్న పిల్లల్లో 80 శాతం మందికి, డాక్టర్ నిర్ధారణ కంటే సగటున 1.3 ఏళ్ల ముందు ఫోటోల్లోనే ఆ యాప్ తెలుపుని పట్టుకుంది. 40 మంది పిల్లలతో చేసిన చిన్న స్టడీ, అయినా విషయం అర్థమవుతోంది కదా. నాలాంటి కోడర్‌కి ఇలాంటివి చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ యాప్ "ఏం లేదు" అంది కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చు అనుకోకండి, అది డాక్టర్ కాదు.

రెండు జాగ్రత్తలు. పాప పక్కకి చూస్తుంటే ఏ జబ్బూ లేకున్నా ఒక్కోసారి తెలుపు పడొచ్చు. ఒక్క ఫోటో చూసి ఏడుపులు మొదలెట్టొద్దు, అలాగని "ఫోటో తేడా" అని వదిలేయొద్దు. పాప నేరుగా కెమెరా వైపు చూస్తున్నప్పుడు తీసిన మూడు నాలుగు ఫోటోలు చూడండి. మళ్లీ కనిపిస్తే, లేదా అనుమానం ఉంటే వెళ్లిపోండి. ఇంకోటి, ఇప్పటి ఫోన్లు రెడ్ ఐని ఆటోమేటిగ్గా చెరిపేస్తాయి, సెట్టింగ్స్‌లో ఉంటే ఆఫ్ చేయండి. ఫ్లాష్‌తో వందసార్లు కొట్టడం, టార్చ్ కంట్లో వేయడం మాత్రం వద్దు. డాక్టర్ దగ్గర చేతిలో పట్టుకునే చిన్న లైటు పరికరంతో ఈ పరీక్ష నిమిషం కూడా పట్టదు.

మన వైపు చాలామంది నాన్నలు బిడ్డ పుట్టినప్పుడు వేరావల్‌లోనో, చెన్నైలోనో, హైదరాబాద్ సైట్‌లోనో ఉంటారు. అమ్మ పుట్టింట్లో ఉంటుంది. నాన్న పాపని చూసేది వాట్సాప్‌లోనే. బ్రో, నువ్వు అలాంటి నాన్నవైతే ఆ ఫోటోలు జూమ్ చేసి చూడు. 21వ రోజు బారసాల పెడతాం, ఆ రోజు దిగినన్ని ఫోటోలు ఇంకెప్పుడూ దిగం. 21 రోజులంటే మూడు వారాలు. 6 వారాల గడువుకి ఇంకా మూడు వారాలుంది.

తెల్లగా కనపడనివి కూడా ఉన్నాయి. రెప్ప వాలిపోయి పుట్టడం ఒకటి. పిల్లాడు గడ్డం పైకెత్తి చూస్తుంటే "ఎంత పొగరో సూడు" అని నవ్వుతారు. వాడు పాపం రెప్ప కింద నుంచి చూడ్డానికి కష్టపడుతున్నాడు. రెప్ప కంటిపాపని మూసేస్తుంటే స్కూల్లో వేసేదాకా ఆగకూడదు. రెప్ప మీద స్ట్రాబెర్రీలా ఎర్రటి రక్తనాళాల గడ్డ ఇంకొకటి. మొదటి నెలల్లో గబగబా పెరిగి, తర్వాత ఏళ్ల మీద దానంతట అదే కుంచించుకుపోతుంది. చిన్నదైతే వదిలేయొచ్చు. కంటిని కప్పినా, గుడ్డుని నొక్కినా వదలకూడదు, ఎందుకంటే అది కరిగేలోపు మెదడు విండో మూసుకుపోతుంది. దీనికి ఇప్పుడు ప్రొప్రనొలాల్ అనే పాత బీపీ మందు ఇస్తున్నారు. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు ఒక బిడ్డకి గుండె సమస్య కోసం ఆ మందిస్తే, ఒంటి మీద ఇలాంటి గడ్డ తగ్గిపోవడం గమనించారు. అలా అనుకోకుండా దొరికింది. డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. నల్లగుడ్డు అంచున పుట్టుకతో తెల్లటి బొడిపె, ఒక్కోసారి దాని మీద వెంట్రుకలు కూడా, అది డెర్మాయిడ్. ప్రమాదకరం కాదు, కానీ నల్లగుడ్డుని వంకర చేస్తుంది కాబట్టి అద్దాలు కావాలా అని చిన్నప్పుడే టెస్ట్ చేయించాలి.

పసిపిల్లల కంట్లో నీరు కారడం మాత్రం చాలావరకు కన్నీటి గొట్టం తెరుచుకోకపోవడం వల్ల. ముక్కు మొదలు దగ్గర డాక్టర్ చూపించినట్టు మసాజ్ చేస్తే ఎక్కువ మందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది. అందులో తల్లిపాలు, ఆముదం చుక్కలు వేయకండి. నీళ్లతోపాటు పాప వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు పెద్దగా, మసకగా ఉన్నా అది పుట్టు గ్లాకోమా కావొచ్చు, అది ఎమర్జెన్సీ.

ఇక మెల్లకన్ను. "మెల్లకన్నుంటే అదృష్టం" అంటారు. ఆ అదృష్టం వల్ల ఎంతమంది ఒక కంటి చూపు పోగొట్టుకున్నారో. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే చూపించాలి. ఒక్కోసారి లోపల శుక్లమో, గడ్డో ఉంటే బయటికి కనపడే మొదటి గుర్తు మెల్లకన్నే.

ఆలస్యానికి డబ్బు, దూరం మాత్రమే కారణం కాదు. నిందకి భయపడి కూడా దాచేస్తారు. "గ్రహణం రోజు బయట తిరిగింది", "దృష్టి తగిలింది", "కోడలు కడుపుతో ఉన్నప్పుడు మాట వినలేదు." తప్పంతా అమ్మ మీదకే. 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్, శుక్లంతో పుట్టిన బిడ్డలు ఒకేసారి ఎక్కువగా రావడం గమనించాడు. ఆ అమ్మలకి గర్భం మొదటి నెలల్లో రుబెల్లా జ్వరం వచ్చిందని అలా బయటపడింది. గ్రహణం కాదు, వైరస్. ఇప్పుడు మన దగ్గర పిల్లలకి వేసే ఎంఆర్ టీకాలో ఆర్ అంటే అదే, 2017లో స్కూళ్లలో క్యాంపెయిన్ పెట్టి వేశారు గుర్తుందా. ఆడపిల్లకి ఆ రోజు వేసిన టీకా, రేపు ఆమె బిడ్డ కంటికి కూడా కాపలా.

ఇంకోటి మేనరికం. నాకు తెలుసు, ఇది మాట్లాడితే కామెంట్స్‌లో గొడవే. లెక్క మాత్రం సింపుల్. మనందరి జీన్స్‌లో ఏవో బగ్స్ ఉంటాయి, కానీ ప్రతి జీన్‌కి రెండు కాపీలుంటాయి కాబట్టి ఒకటి పాడైనా ఇంకోటి నడిపిస్తుంది. అమ్మానాన్నలు ఒకే కుటుంబం నుంచి వస్తే, ఇద్దరి దగ్గరా అదే బగ్ ఉండే ఛాన్స్ పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరు అంధుల పాఠశాలల పిల్లల్ని పరీక్షించి 2000లో ఒక పేపర్ రాశారు. అందులో దాదాపు మూడో వంతు పిల్లల అంధత్వానికి కారణం వంశపారంపర్యం. మేనరికం చేసుకున్న ప్రతివాళ్ల పిల్లలకీ జబ్బు రాదు, చాలామందికి రాదు. మేనరికం కాని ఇళ్లలోనూ వస్తుంది. ఆల్రెడీ పెళ్లైపోయిన వాళ్లని ఇప్పుడు తిట్టి లాభం లేదు. ఇంట్లో ఒకరికి ఇలా ఉంటే తర్వాతి బిడ్డని పుట్టిన వారంలోనే కంటి డాక్టర్‌కి చూపించండి, అంతే నేను చెప్పేది.

ఎక్కడికెళ్లాలి? మీ ఆశా అక్కకో, ఏఎన్ఎం గారికో చెప్తే ఆర్‌బీఎస్‌కే టీమ్‌కి చెప్తారు. 2013లో మొదలైన కేంద్ర పథకం, పిల్లల్లో వెతకాల్సిన లోపాల లిస్టులో పుట్టు శుక్లం ఉంది. విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది. హనుమంతవాక జంక్షన్ దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది, డబ్బు కట్టలేనివాళ్లకి అక్కడ ఉచితంగా చూస్తారు. కార్డు పట్టుకెళ్లండి, ఆరోగ్యమిత్రని అడగండి. 2019లో పెట్టిన కంటి వెలుగు లాంటి స్కూల్ క్యాంపులు అద్దాల కోసం మంచివే, కానీ స్కూలుకొచ్చే వయసుకి ఈ గడువు దాటిపోయి ఉంటుంది.

చివరిగా ఒకటి, ఆపరేషన్ అయిందని రిలాక్స్ అయిపోయేవాళ్ల కోసం. అక్కడికి సగం పనే అయింది. పాపకి బుల్లి కళ్లజోడో, లెన్సో పెడతారు. బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ అతికించమంటారు, ఏళ్ల తరబడి. పాప ఏడుస్తుంది, పీకేస్తుంది. నానమ్మ చూడలేక తీసేస్తుంది, "బాగున్న కన్ను మూసేస్తారేటి, మీకేవైనా బుద్దుందా?" అంటుంది. ఆవిడకి ఓపిగ్గా చెప్పండి. బలమైన అన్న పక్కన కూర్చుంటే తమ్ముడి ప్లేట్లో అన్నం కూడా వాడే తినేస్తాడు. అన్నని కాసేపు బయటికి పంపితేనే తమ్ముడు తింటాడు. ప్యాచ్ వేసే టైమ్‌లో ఇష్టమైన బొమ్మలు, పాటలు పెట్టండి, పాలు పట్టే టైమ్ కలిసొచ్చేలా చూసుకోండి. ఎన్ని గంటలు వేశారో ఫోన్‌లో రోజూ నోట్ చేసి, చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ లిస్టు డాక్టర్‌కి చూపించండి.

ప్యాచ్ గురించి డౌట్లుంటే కామెంట్ పెట్టండి, డాక్టర్‌ని అడిగి వచ్చే వారం చెప్తాను. ఉంటాను మరి.